ఎవరు ఎక్కడ ఉంటారు, ఎందుకు? పల్లె, పేట, కాలనీ, గేటెడ్ కమ్యూనిటీల వెనుక పనిచేసే లెక్కలు

సంక్షిప్తంగా: ఇల్లు ఎక్కడ ఉండాలో తేల్చేది అభిరుచి ఒక్కటే కాదు. ఏ ప్రాంతమన్నది బతుకుదెరువు చెబుతుంది. ఆ ప్రాంతంలో ఏ పేట అన్నది తెలిసినవాళ్లు చెబుతారు. ఇంటి తీరును డబ్బు, వయసు, పిల్లల చదువు కలిసి నిర్ణయిస్తాయి. ఒక సమూహం ఒకచోట కుదురుకున్నాక, తర్వాత వచ్చేవాళ్లను ఆ చోటే లాక్కుంటుంది. ఎంచుకునే వీలు మాత్రం అందరికీ సమానంగా లేదు.

2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలో మహానగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వేలం వేసిన భూమి ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అలాంటి చోట లేచే టవర్లలో ఒక ఫ్లాటుకు పెట్టే డబ్బుతో నల్లగొండలోనో తెనాలిలోనో పెరడూ కొబ్బరి చెట్లూ ఉన్న ఇల్లు కొనుక్కోవచ్చు. అయినా కొనేవాళ్లు కోకాపేటకే వెళ్తున్నారు. అదే నగరంలో పాతబస్తీలో మూడు తరాలుగా ఉంటున్న కుటుంబం, కొత్త ఫ్లాటు కొనే స్తోమత ఉన్నా, తన ఇరుకు గల్లీని వదలదు. భీమవరం దగ్గరి పల్లెలో ఉండే తల్లిదండ్రులు, అమెరికాలోని కొడుకు ఎంత పిలిచినా మూడు నెలలుండి తిరిగొచ్చేస్తారు.

ఇవన్నీ ఇష్టాల తేడాలుగా కనిపిస్తాయి. కానీ ఏ ఇష్టమైనా అందుబాటులో ఉన్నవాటి మధ్యే పుడుతుంది. ఎవరికి ఏవి అందుబాటులో ఉన్నాయో చూస్తే, వింతగా కనిపించే ఎంపికల్లో చాలావాటికి కారణం దొరుకుతుంది.

నీళ్లు గీసిన పటం

తెలుగు నేల మీద ఊళ్ల అమరికను మొదట నిర్ణయించింది నీరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక, కాలువ పారిన ప్రతిచోటా జనం చిక్కబడ్డారు. గోదావరి డెల్టాలో కాలువ గట్టు వెంట వెళ్తుంటే ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో తెలియదు. ఏడాది వానలు 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే అనంతపురం జిల్లాలో ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ. చెరువో బావులో ఉన్నచోట జనమంతా ఒక్కచోట గుమిగూడారు. మన్యంలో కొండవాలులో, ఊట నీటికి దగ్గరగా కొద్ది గడపల గూడేలు ఏర్పడ్డాయి. 2011 జనగణనలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 170 మంది ఉంటే, హైదరాబాద్ జిల్లాలో 18,000కు పైగా ఉన్నారు.

డెల్టా రైతుల వలస ఈ విషయాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. పంపకాల్లో కమతాలు చిన్నవై, భూమి ధర పెరిగిపోయినప్పుడు చాలామంది పట్నం బాట పట్టలేదు, ఇంకో కాలువను వెతుక్కున్నారు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక బోధన్, వర్ని ప్రాంతాలకు వెళ్లారు. 1953లో తుంగభద్ర నీళ్లు వచ్చాక కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు వెళ్లారు. సొంతూళ్లో కొద్దిపాటి మాగాణి అమ్మితే అక్కడ అంతకు ఎన్నో రెట్ల భూమి వచ్చేది. వాళ్లు కట్టుకున్న ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. మెట్ట పంటలకు అలవాటుపడిన స్థానిక రైతుకు, కాలువ కింద దమ్ము చేసి నాట్లు వేసే అనుభవం ఉన్న డెల్టా రైతుకు ఆ నేల విలువ ఒక్కటి కాదు. ఒక ప్రాంతం మంచిదా కాదా అన్నది అక్కడికి వెళ్లే మనిషి చేతిలోని పనిని బట్టి మారుతుంది. ఐటీ ఉద్యోగికి గచ్చిబౌలి విలువైనదైనట్టే ఆ రైతుకు సింధనూరు విలువైనదైంది. రెంటి వెనుకా నడిచింది ఒకే సూత్రం.

క్యాంపుల్లో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ముందు వెళ్లిన కుటుంబం బావమరిదిని పిలిచింది. అతను తన ఊరివాళ్లను పిలిచాడు. రామాలయం వచ్చింది, రైస్ మిల్లు వచ్చింది, సంబంధాలు కలుపుకునేందుకు ఇళ్లు వచ్చాయి. ఆ తర్వాత వెళ్లినవాళ్లు నీళ్ల కోసమే కాక, అప్పటికే అక్కడున్న మనుషుల కోసం కూడా వెళ్లారు. వలసల మీద పరిశోధన చేసేవాళ్లు గొలుసు వలస అనేది దీన్నే.

పని ఎక్కడో పేట అక్కడ

హైదరాబాద్ పటాన్ని పని ఇచ్చిన యజమానుల వరసలో కూడా చదవవచ్చు. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు బార్కస్‌లో ఉన్నారు. ఆఫ్రికా నుంచి వచ్చిన అంగరక్షక దళం పేరు ఏసీ గార్డ్స్‌కు మిగిలింది. 1806లో నిజాం సికందర్ జా పేరుతో ఏర్పడిన సికింద్రాబాద్, బ్రిటిష్ కంటోన్మెంట్ చుట్టూ పెరిగింది. దండుకు సరుకులు అమ్మేవాళ్లు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు చేరడంతో అక్కడ తమిళం, ఇంగ్లిష్, తెలుగు కలగలిసిన వేరే జీవితం తయారైంది. 1960లలో బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ వంటి ప్రభుత్వరంగ సంస్థలు వచ్చాక క్వార్టర్లు, స్కూలు, ఆస్పత్రి ఒకే ఆవరణలో ఉండే టౌన్‌షిప్పులు లేచాయి. అక్కడ పెరిగిన పిల్లలు పక్కింటివారిని కులంతోనో జిల్లాతోనో కాకుండా, వాళ్ల నాన్న పనిచేసే విభాగంతో గుర్తుపట్టారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక అదే కథ పడమటి వైపు, ఇంకా పెద్ద ఎత్తున నడిచింది.

నగరంలో జనం కదలికకు ప్రకృతి వైపరీత్యమూ ఒక కారణం. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఈ కాలంలోనే స్తోమత ఉన్నవాళ్లు నదికి ఉత్తరాన ఇళ్లు కట్టుకోవడం పెరిగింది. ఏడో నిజాం కూడా పాత నగరాన్ని వదిలి కింగ్ కోఠీలో ఉన్నాడు. ధనికులు వెళ్లిన వైపే రోడ్లు, కాలేజీలు, కార్యాలయాలు వెళ్లాయి. అవి ఉన్న వైపే తర్వాతి తరం ధనికులు వెళ్లారు. పాతబస్తీ వెనుకబాటు గురించి మాట్లాడేటప్పుడు ఈ నూరేళ్ల చరిత్రను పక్కనపెట్టి అక్కడివాళ్ల మనస్తత్వాన్ని కారణంగా చూపడం అన్యాయం. అక్కడ ఉండిపోయినవాళ్ల లెక్కలు గట్టివే. కింద దుకాణం, పైన ఇల్లు. నడిచి వెళ్లే దూరంలో మసీదు, మదీనా మార్కెట్, అక్కచెల్లెళ్ల ఇళ్లు. అర్ధరాత్రి అవసరం పడితే తలుపు తట్టడానికి పది ఇళ్లు.

ఊరి దారిలోనే కాలనీ

నగరానికి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు స్థిరపడిన తీరులో ఒక పోలిక ఉంది. విజయవాడ రహదారి మీదున్న ఎల్బీ నగర్, వనస్థలిపురం వైపు నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. ఉప్పల్, బోడుప్పల్ వైపు వరంగల్ వాళ్లు, అల్వాల్ వైపు కరీంనగర్ వాళ్లు ఎక్కువ. ఇది నియమం కాదు, మినహాయింపులు కోకొల్లలు. కానీ కారణం స్పష్టం. పండక్కి, పెళ్లికి, చావుకు ఊరెళ్లాలి. బస్సు ఎక్కడానికి నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి పోనక్కర్లేని చోటు ఊరిలో సగం కాలు పెట్టి ఉన్నట్టే. ఊరి నుంచి బియ్యం మూట, పచ్చడి జాడీ వచ్చేదీ ఆ దారినే.

కూకట్‌పల్లి ఈ పోలికకు లొంగదు, అందుకే అది మరింత ఆసక్తికరం. కోస్తా జిల్లాల వాళ్లు ఎక్కువగా ఉండే ఈ ప్రాంతం ముంబై రహదారి మీద, సొంతూళ్లకు నగరం అవతలి చివరన ఉంది. ఇక్కడ పనిచేసింది దారి కాదు. హౌసింగ్ బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ కాలనీలో మధ్యతరగతికి అందే ధరలో ఇళ్లు దొరికాయి. బాలానగర్, ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు పరిశ్రమలు దగ్గర. ముందు వచ్చినవాళ్ల వల్ల కర్రీ పాయింట్లు, కాలేజీలు, ఊళ్లకు నేరుగా వెళ్లే ప్రైవేటు బస్సులు వచ్చాయి. హైటెక్ సిటీ పక్కనే లేచే సమయానికి అంతా సిద్ధంగా ఉంది. దారి దూరమైతే బస్సే కాలనీలోకి వచ్చింది.

అమీర్‌పేట కథ ఇంకోలా నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ కోచింగ్ కోసం వచ్చే యువతకు అక్కడి హాస్టల్ మజిలీ మాత్రమే. పోటీ పరీక్షల వాళ్లకు చిక్కడపల్లి, అశోక్ నగర్ అలాంటివే. గది ఇరుకైనా భరించేది, పక్క మంచం మీది మనిషికి నోటిఫికేషన్ సంగతి, ఇంటర్వ్యూ సంగతి తెలుసు కాబట్టి. సమాచారం దొరికే చోటుకు కట్టే అద్దె అది.

కొద్దిపాటి మొగ్గు, పెద్ద విభజన

ఒకేలాంటి వాళ్లంతా ఒకచోట చేరడం చూసినప్పుడు, జనంలో పరాయివాళ్లంటే గట్టి వ్యతిరేకత ఉందనుకుంటాం. అన్నిసార్లూ అది నిజం కాదని అమెరికన్ ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో చూపించారు. గడుల బల్ల మీద రెండు రకాల నాణేలు పెట్టి, ఒక్కో నాణెం తన పొరుగున తనలాంటివి కొన్నైనా ఉండాలని మాత్రమే కోరుకుంటుందని, లేకపోతే ఇంకో గడికి జరుగుతుందని నియమం పెట్టారు. కాసేపటికి బల్లంతా రెండు రకాల గుంపులుగా విడిపోయింది. పొరుగున అందరూ తనలాంటివాళ్లే ఉండాలని ఏ నాణెమూ కోరలేదు. అయినా అలాగే ముగిసింది. ఒకరు జరిగితే మిగిలినవారి లెక్క మారుతుంది, వాళ్లు జరిగితే ఇంకొకరి లెక్క మారుతుంది.

ఇందులో ఉపయోగపడే హెచ్చరిక ఒకటుంది. ఒక కాలనీలో ఒకే కులమో, ఒకే మతమో, ఒకే ప్రాంతమో కనిపించినంత మాత్రాన అక్కడి ప్రతి కుటుంబమూ మిగిలినవారిని దూరం పెడుతోందని తేల్చలేం. అలాగని వివక్ష లేదని కూడా తేల్చలేం. రెండూ పక్కపక్కనే పనిచేస్తాయి.

తలుపులు తెరుచుకోని చోట

గ్రామమంటే అందరికీ ఒకే జ్ఞాపకం లేదు. గాంధీ ఆదర్శ జీవితాన్ని గ్రామంలో చూస్తే, 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో మాట్లాడిన అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికి, అజ్ఞానానికి నెలవుగా వర్ణించారు. తెలుగు పల్లెల్లో మాలపల్లె, మాదిగవాడ ఊరికి అవతల ఉంటూ వచ్చాయి. ఊరి మధ్య పెరిగినవాడికి పల్లె అంటే బెంగ కలిగితే, వాడలో పెరిగినవాడికి పట్నంలో ఎవరూ కులం అడగని మెట్రో బోగీ ఊపిరి పోసినట్టు ఉండవచ్చు. నగరాన్ని ఇష్టపడటానికి జీతం ఎంత కారణమో, అనామకంగా బతికే వీలు కొందరికి అంతే కారణం. తన జీతంతో ఒంటరిగా ఉండే అమ్మాయికీ ఇది వర్తిస్తుంది.

కానీ నగరంలో టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లను ఊరి ప్రశ్నే వెంటాడుతుంది. మీరేమిట్లు (అంటే మీదే కులం), మాంసం తింటారా, బ్యాచిలర్లా, ఫ్యామిలీనా అని అడుగుతారు. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో అద్దె ఇళ్ల మీద ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్ బృందం చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం, దళితులకూ ముస్లింలకూ ఇల్లు నిరాకరించడం, లేదా వాళ్ల మీద అదనపు షరతులు పెట్టడం జరుగుతోందని చూపింది. తలుపులు మూసుకున్నాక మిగిలిన పేటకే వెళ్లిన మనిషిని చూసి, వాళ్లకు వాళ్లతోనే ఉండటం ఇష్టమని అనేయడం నిజాన్ని తలకిందులు చేయడమే.

ఎంపికే లేని నివాసాలు ఇంకా ఉన్నాయి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కార్మికుడు ఎక్కడ పడుకోవాలో కంపెనీ చెబుతుంది. అతని ఇష్టం ఏమిటో తెలియాలంటే లేబర్ క్యాంపులో కాదు, ఊళ్లో అతను అప్పు తీర్చుకుంటూ కట్టిన మేడలో చూడాలి. కోకాపేట టవర్లు కట్టే పాలమూరు, ఒడిశా, బిహార్ కూలీలు ఆ టవర్ నీడలోనే రేకుల షెడ్లలో ఉంటారు. అడ్రసు చూసి అది వాళ్ల ఇష్టమని చెప్పలేం.

గేటు లోపల కొంటున్నదేమిటి

గేటెడ్ కమ్యూనిటీని హోదా కోసమే అనుకోవడం సగం నిజం. మిగతా సగం, నగరపాలక సంస్థ ఇవ్వాల్సినవాటిని విడిగా డబ్బిచ్చి కొనుక్కోవడం. బోరు ఎండిపోతే ట్యాంకరు తెప్పించే మేనేజరు, కరెంటు పోతే జనరేటరు, బండ్ల భయం లేకుండా పిల్లలు ఆడుకునే చోటు, రాత్రి షిఫ్టు నుంచి వచ్చే భార్యకు గేటు దగ్గర కాపలా. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ ఒక విధంగా చిన్న స్థానిక పన్ను. ఉద్యోగాలు చేసే దంపతులకు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు చేసిపెట్టే పనులన్నీ ఇక్కడ అసోసియేషన్ చేసిపెడుతుంది.

ఈ ఇళ్లు ఆకాశంలోకి పెరగడానికి కారణం జనం మోజు ఒక్కటే కాదు, నిబంధనలు కూడా. 2006లో తెచ్చిన భవన నిబంధనలు హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) పరిమితిని ఎత్తేసి, ఎత్తును రోడ్డు వెడల్పుకూ చుట్టూ వదిలే స్థలానికీ ముడిపెట్టాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు విమానాశ్రయాన్ని, ఐటీ ప్రాంతాన్ని కలిపింది. విశాలమైన రోడ్డు పక్కన ఎకరం రేటు పెరిగేకొద్దీ, అంతస్తులు పెంచితే తప్ప బిల్డరుకు గిట్టుబాటు కాదు. మరోవైపు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాల రక్షణకు 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. అందుకే ఐటీ ప్రాంతానికి దగ్గరైనా మొయినాబాద్ వైపు పొలాలు, ఫామ్‌హౌస్‌లు మిగిలాయి. ఆ జీవోను ఎత్తివేసే నిర్ణయాల మీద చర్చ 2022 నుంచి సాగుతోంది. ఆ గ్రామాల్లో ఏ రకం జనం ఉంటారన్నది వాళ్ల అభిరుచి కన్నా ఆ ఫలితం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ఉద్యోగం కదిలింది, కుటుంబం కదల్లేదు

ఇల్లు దేనికి కట్టుబడి ఉంటుందో తెలియాలంటే, ఉన్నట్టుండి ఒక్క ముడి విప్పి చూడాలి. 2014 విభజన తర్వాత అలాంటి పరీక్ష అనుకోకుండా జరిగింది. చట్టం ప్రకారం హైదరాబాద్ పదేళ్లు, అంటే 2024 దాకా, ఉమ్మడి రాజధాని. కానీ 2016లోనే ఆంధ్రప్రదేశ్ సచివాలయ ఉద్యోగులను అమరావతిలోని వెలగపూడికి తరలించారు. వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. పిల్లల స్కూలు, భార్య లేదా భర్త ఉద్యోగం, కట్టుకున్న ఇంటి వాయిదాలు హైదరాబాద్‌లో ఉండటంతో చాలామంది శుక్రవారం సాయంత్రం రైలెక్కి, సోమవారం ఉదయానికి తిరిగి వెళ్లే జీవితానికి అలవాటుపడ్డారు. 2019 చివర్లో మూడు రాజధానుల ప్రకటన వచ్చాక, అమరావతిలో ఇల్లు కట్టుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్లకూ కాళ్లు ఆడలేదు. ప్రభుత్వం కార్యాలయాన్ని తరలించగలదు. ఈ ఊరు ఇరవై ఏళ్లు ఇలాగే ఉంటుందన్న నమ్మకాన్ని తరలించలేదు. ఇల్లు కొనేవాడికి కావలసిన మొదటి సరుకు ఆ నమ్మకమే.

2020 లాక్‌డౌన్ దీనికి ఎదురు పరీక్ష. ఇల్లు ఉన్నచోటే ఉంది, ఉద్యోగమే ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. చాలామంది ఐటీ ఉద్యోగులు సొంతూళ్లకు వెళ్లి అక్కడి నుంచే పనిచేశారు. ఆఫీసులు మళ్లీ పిలిచాక ఎక్కువమంది తిరిగొచ్చారు. అద్దె లేకపోయినా, అమ్మ వంట దొరికినా, ఉద్యోగం మారాలంటే ఇంకో పది కంపెనీలు దగ్గరుండాలి. ఒక్క ఉద్యోగం ఉన్న ఊరి కన్నా, అది పోతే ఇంకోటి దొరికే ఊరికి మనిషి ఎక్కువ విలువ ఇస్తాడు. మధ్యస్థాయి పట్టణాలు ఎంత హాయిగా ఉన్నా యువతను నిలుపుకోలేకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ఫ్రిస్కోలోనూ అదే లెక్క

అమెరికాలో తెలుగువాళ్లు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, డల్లాస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోలలో చేరడం కూడా గొలుసు వలసే. అయితే అక్కడ ఒక అదనపు యంత్రాంగం ఉంది. ప్రభుత్వ బడులకు డబ్బులో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుంది. ఇంటి చిరునామాను బట్టే బడి నిర్ణయమవుతుంది. అంటే ఇల్లు కొనడమంటే బడిని కొనడం. స్థానిక ప్రభుత్వాలు ఇచ్చే సేవలు, వేసే పన్నులు పోల్చుకుని జనం నచ్చినచోటుకు మారిపోతారని అమెరికన్ ఆర్థికవేత్త ఛార్లెస్ టీబౌట్ 1956లో వివరించారు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆస్తిపన్ను మాత్రం ఎక్కువ. పిల్లలున్న కుటుంబం ఆ పన్నును బడి ఫీజుగా భావించి కడుతుంది. పిల్లలు కాలేజీకి వెళ్లాక అదే పన్ను బరువనిపించి, ఇంకో ఊరివైపు చూస్తుంది.

మన దగ్గర ఈ లంకె బలహీనం. మధ్యతరగతి పిల్లలు చదివేది ప్రైవేటు బడిలో. వార్డు ప్రభుత్వ బడి ఎలా ఉందన్నది ఇంటి ధరను పెద్దగా కదిలించదు. కాబట్టి ఇల్లు కొన్నవాళ్లకు ఆ బడిని బాగుచేయించే ఆర్థిక ఆసక్తి కూడా ఉండదు. నీళ్లు, రోడ్డు, మెట్రో స్టేషన్ మాత్రం ధరను వెంటనే కదిలిస్తాయి, వాటి మీద డిమాండూ అంతే గట్టిగా ఉంటుంది.

ముందున్నది

2011లో తెలంగాణలో దాదాపు 39 శాతం, ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 30 శాతం జనం పట్టణాల్లో ఉన్నారు. ఈ వాటాలు పెరుగుతాయనడంలో సందేహం లేదు. ఎవరు ఎక్కడ పెరుగుతారన్నదే ప్రశ్న. పడమటి హైదరాబాద్‌కు నీళ్లు కృష్ణా, గోదావరుల నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి రావాలి. కొత్త అంతస్తు పడినప్పుడల్లా ఆ ఖర్చు పెరుగుతుంది. దాన్ని టవర్లు ఒక్కటే మోయవు, నగరమంతా పంచుకుంటుంది. పనిమనిషి, డ్రైవరు, సెక్యూరిటీ గార్డు దగ్గర్లో ఇల్లు దొరక్క రోజూ గంటల తరబడి ప్రయాణించాల్సి వస్తే, వాళ్ల జీతంలో ఆ ఖర్చూ, వాళ్ల పిల్లల చదువులో ఆ సమయమూ కోతపడతాయి. పల్లెల్లో మిగిలేది ఎక్కువగా వృద్ధులు. వాళ్లకు మనుషులు ఊళ్లో, డాక్టర్లు పట్నంలో. ఈ రెంటి మధ్య దూరం తగ్గించే తాలూకా స్థాయి ఆస్పత్రి, నమ్మకమైన బస్సు ఉంటే తెనాలి, సిద్దిపేట లాంటి పట్టణాలు విశ్రాంత ఉద్యోగులను, వాళ్లతోపాటు కొంతమేర వ్యాపారాన్ని తిరిగి ఆకర్షించగలవు. అవి లేకపోతే పల్లె మీద మమకారం ఎంత ఉన్నా, మొదటిసారి గుండెనొప్పి వచ్చిన రాత్రే ఆ కుటుంబం నగరంలో ఫ్లాటు చూడటం మొదలుపెడుతుంది.